పచ్చగడ్డి కింద 535 ఎకరాలు

గాజువాకలో కూర్చుని గోల్ఫ్ మీద సంపాదకీయం రాయడమేమిటని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకోనివ్వండి. పెదగంట్యాడలో, వడ్లపూడిలో, శ్రీహరిపురంలో ఆ ఆట ఆడేవాళ్లు మాకు తారసపడలేదు. విశాఖలో ముడసర్లోవ వైపు ఒక గోల్ఫ్ క్లబ్బు ఉందని తెలుసు, అంతే. అయినా ఈ వారం ఈ పేజీ మొత్తం ఆ ఆటకే ఇస్తున్నాం. ఆట పేరు చెప్పి ఒక రాజధాని శివార్లలో 535 ఎకరాల సర్కారు భూమి చేతులు మారిన కథ ఒకటుంది. అలాంటి కథల్ని ఊరూరా చెప్పుకుని ఒక ప్రాంతం ఉద్యమించింది, రాష్ట్రం తెచ్చుకుంది. రాష్ట్రం వచ్చాక ఆ భూమి ఏమైందన్నది ఉత్తరాంధ్ర రాష్ట్రం కావాలంటున్న మనం తెలుసుకుని తీరాలి.

ఆ చోటు పేరు బౌల్డర్ హిల్స్. హైదరాబాదు పడమటి శివారులో, మణికొండ, నానక్‌రామ్‌గూడ రాళ్లగుట్టల మీద ఉంది. పద్దెనిమిది గుంతల గోల్ఫ్ మైదానం, దాన్ని ఆనుకుని విల్లాలు, అపార్టుమెంట్లు, క్లబ్బు. చుట్టూ గోడ, గేటు దగ్గర కాపలా. మైదానానికి నమూనా గీసింది పీటర్ హరడైన్ అనే విదేశీ నిపుణుడు. బండరాళ్ల నడుమ గడ్డి తివాచీ పరిచినట్టుంటుంది. చూడ్డానికి బాగుంటుంది, కాదనలేం.

ఇది ఎలా పుట్టిందో చూద్దాం. చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న రోజులవి. సైబరాబాదును ప్రపంచానికి చూపించాలన్న తహతహ. విదేశీ కంపెనీల పెద్దలు మన గడప తొక్కాలంటే వాళ్లకు అంతర్జాతీయ సమావేశ మందిరం కావాలి, స్టార్ హోటలు కావాలి, సాయంత్రం పూట గోల్ఫ్ కావాలి, ఉండటానికి ఆ స్థాయి ఇళ్లు కావాలి అన్నది అప్పటి వాదన. ఈ నాలుగింటినీ కలిపి ఒకే ప్రాజెక్టుగా చేశారు. దుబాయికి చెందిన ఎమ్మార్ ప్రాపర్టీస్‌ను 2002లో ఎంపిక చేశారు. 2003 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. సర్కారు తరఫున భాగస్వామి ఏపీఐఐసీ, అంటే పరిశ్రమలకు భూములు సమకూర్చే ప్రభుత్వ సంస్థ. ఎమ్మార్ చిన్న కంపెనీ ఏం కాదు. తర్వాత 2010లో ప్రపంచంలోనే ఎత్తయిన బుర్జ్ ఖలీఫాను పూర్తి చేసింది ఆ సంస్థే. గోల్ఫ్ మైదానం చుట్టూ విల్లాలు కట్టి అమ్మే విద్యను దుబాయిలో ఎమిరేట్స్ హిల్స్ అనే చోట అప్పటికే చేసి చూపించింది. ఆ 'హిల్స్' అనే తోకే మన గుట్టలకూ తగిలింది.

ఇచ్చిన భూమిలో సింహభాగం రెండు ముక్కలు. సుమారు 235 ఎకరాలు గోల్ఫ్ మైదానానికి, 66 ఏళ్ల లీజు మీద. సుమారు 258 ఎకరాలు ఇళ్ల టౌన్‌షిప్పుకు, ఎకరం 29 లక్షల రూపాయల చొప్పున ఏకంగా అమ్మకం. సమావేశ మందిరానికి, హోటలుకు 15 ఎకరాలు. మందిరం మాత్రం చెప్పినట్టే వచ్చింది. 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ జరిగింది అందులోనే. ఆ మందిరం వల్ల నగరానికి పేరొచ్చిందంటే మేము అడ్డు చెప్పం.

మిగతా రెండు ముక్కల మధ్యనే ఉంది కిటుకు. ఎవరైనా వచ్చి 'సర్కారు భూమిలో కోటీశ్వరులకు విల్లాలు కట్టి అమ్ముకుంటాం, ఇవ్వండి' అంటే ఏ మంత్రివర్గమూ సంతకం పెట్టడానికి ధైర్యం చేయదు. అదే 'క్రీడలు, పర్యాటకం, అంతర్జాతీయ ప్రమాణాలు' అంటే పని సులువు. గోల్ఫ్ మైదానం వల్ల వచ్చే ఆదాయం ఎప్పుడూ అంతంతమాత్రమే. నీళ్లు, గడ్డి, కూలీలు, అన్నీ ఖర్చే. ఆ మైదానం చేసే అసలు పని పక్కనున్న స్థలం ధర పెంచడం. గడ్డి లీజుకు, గడ్డి కనబడే కిటికీ అమ్మకానికి. ఇది మన దగ్గర పుట్టిన తెలివి కాదు. అమెరికాలో దక్షిణ కరొలైనా రాష్ట్రపు హిల్టన్ హెడ్ ద్వీపంలో 1950ల చివర నుంచీ ఇలాంటి గేట్ల కాలనీలు గోల్ఫ్ మైదానాల చుట్టూ లేచాయి. ఆ ద్వీపం అంతకు ముందు గల్లా అనే నల్లజాతి వారిది. బానిసత్వం నుంచి విడుదలైన వాళ్ల వారసులు. భూములు ఒక్కొక్కటే జారిపోయాయి, పన్నులు పెరిగాయి, చివరికి తమ పెద్దల సమాధుల దగ్గరికి వెళ్లాలన్నా గేటు దగ్గర కాపలావాడికి చెప్పుకుని వెళ్లాల్సి వచ్చింది. ఆ కాలనీలకు పెట్టుకున్న పేరు ఏమిటో తెలుసా? 'ప్లాంటేషన్'. తాతలు కొరడా దెబ్బలు తిన్న తోట పేరే మనవల గుండెల మీద బోర్డుగా వేలాడింది.

సరే, ధర సంగతి. ఎకరానికి 4,840 గజాలు. 29 లక్షలను దానితో భాగిస్తే గజం 600 రూపాయల లోపు. ప్లాట్లు అమ్మేటప్పుడు కాగితం మీద గజం 5,000 రూపాయలని రాసి, బయట అంతకు ఎన్నో రెట్లు వసూలు చేశారన్నది తర్వాత సీబీఐ మోపిన అభియోగం. కాగితం మీది అంకెనే తీసుకున్నా ఎనిమిది రెట్లు. రోడ్లకు, పార్కులకు పోయే జాగా, పెట్టిన ఖర్చు తీసేయండి, ఎంత తగ్గించినా లాభం లాభమే. ఇటు చూస్తే 2006లో ఆ పక్కనే కోకాపేటలో హుడా వేలం వేసిన భూమి గరిష్ఠంగా ఎకరం 14 కోట్లు దాటింది.

'2003 ధరను 2006 ధరతో పోల్చడం ఏం న్యాయం? ఆ ప్రాజెక్టు వచ్చాకే కదా చుట్టుపక్కల ధర పెరిగింది' అని ఆనాటి అధికారులు అడగవచ్చు. మంచి ప్రశ్న. సరిగ్గా ఆ ప్రశ్నకు జవాబుగానే ఒప్పందంలో ఒక ఏర్పాటు ఉంది. టౌన్‌షిప్పు, గోల్ఫ్, హోటలు కంపెనీల్లో ఏపీఐఐసీకి వాటా. భూమి చవకగా ఇచ్చాం, కాబట్టి రేపు ధర పెరిగితే ఆ పెరుగుదలలో కొంత ప్రజలకు రావాలి. కాగితం మీద ఇది న్యాయమైన బేరమే. మేము ఆ ఒప్పందాన్ని తప్పుపట్టే చోటు అది కాదు.

తప్పు తర్వాత జరిగింది. ఎమ్మార్ ఢిల్లీకి చెందిన ఎంజీఎఫ్ సంస్థతో కలిసి ఎమ్మార్ ఎంజీఎఫ్ అనే కొత్త కంపెనీ పెట్టుకుంది. టౌన్‌షిప్పును అభివృద్ధి చేసి అమ్మే హక్కులు ఆ కొత్త కంపెనీకి వెళ్లాయి. దాంతో ఏపీఐఐసీ వాటా ఉన్న పాత కంపెనీ చేతికి ఆదాయంలో కొంత భాగమే మిగిలింది. ఉద్యోగ మిత్రులకు లెక్క చెప్పనక్కర్లేదు, విద్యార్థుల కోసం ఒక ఉదాహరణ చెబుతాం. రూపాయి ఆదాయం మొత్తం పాత కంపెనీకి వస్తే 49 శాతం వాటాకు 49 పైసలు. అదే పాత కంపెనీకి పావలా మాత్రమే వచ్చి మిగతా ముప్పావలా కొత్త కంపెనీకి పోతే, 49 శాతం వాటా అలాగే ఉన్నా మనకు దక్కేది పన్నెండు పైసలు. వాటాను ఎవరూ దొంగిలించలేదు. వాటా ఉన్న గిన్నెలోంచి పాయసాన్ని పక్క గిన్నెలోకి వంచారు. ఇదంతా బోర్డు సమావేశాల్లో, తీర్మానాల భాషలో, టీ బిస్కెట్ల మధ్య జరిగే పని. దీనికి బుల్డోజరు అక్కర్లేదు, పోలీసు అక్కర్లేదు.

2011 ఆగస్టులో హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 2012 మొదట్లో ఒక సీనియర్ ఐఏఎస్ అధికారి అరెస్టయ్యారు, అభియోగపత్రాలు దాఖలయ్యాయి. ఎవరు దోషి, ఎవరు కాదు అని తేల్చే పని కోర్టులది. మేము గమనించమనేది ఒక్కటే: ఒప్పందం 2003లో, దర్యాప్తు 2011లో. మధ్యలో ప్రభుత్వం మారింది, పార్టీ మారింది, ముగ్గురు ముఖ్యమంత్రులు మారారు. ఏపీఐఐసీ వాటాకు కాపలా కాయాల్సిన కుర్చీల్లో ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు. అన్నేళ్లూ కంచే చేను మేసింది.

ఇంతకూ ఆ గుట్టలు ఎవరివి? అవి హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన మణికొండ జాగీరు భూములని వక్ఫ్ బోర్డు ఏళ్ల తరబడి పోరాడింది. వివాదంలో ఉన్నది మొత్తం 1,654 ఎకరాలు, ఈ గోల్ఫ్ మైదానం అందులో ఒక పక్క. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అవి ప్రభుత్వ భూములేనని తీర్పు చెప్పింది. ప్రభుత్వానివే అని తేలింది సరే, ప్రభుత్వం ఎవరిది అన్న ప్రశ్న ఏ కోర్టూ తేల్చేది కాదు.

సరిగ్గా అదే 2003 ఆగస్టులో ఇంకో ఒప్పందం కూడా జరిగింది. అదీ ఆట పేరుతోనే. ఐఎంజీ భారత అనే సంస్థకు, క్రీడా అకాడమీలు కడతానంటే, 850 ఎకరాలు ఇస్తామన్నారు. అందులో 400 ఎకరాలు కంచ గచ్చిబౌలిలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని. ఎకరం 50 వేల రూపాయలు. 2006లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కేసు పద్దెనిమిదేళ్లు నడిచి, 2024 మార్చిలో హైకోర్టు రద్దు సబబేనంది. భూమి గెలిచింది. అప్పటికి తెలంగాణ రాష్ట్రం వచ్చి పదేళ్లు కావస్తోంది. పోరాడి తెచ్చుకున్న సొంత రాష్ట్రం చేతిలోకి 400 ఎకరాలు తిరిగొచ్చాయి. ఏం చేశారు? 2025లో వేలానికి సిద్ధం చేశారు. మార్చి ఆఖరున రాత్రీ పగలూ యంత్రాలు నడిపి చెట్లు కూల్చారు. అడ్డుపడిన విద్యార్థుల్ని పోలీసులు లాక్కెళ్లారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటే గాని ఆగలేదు.

ఆ పిల్లల్లో ఎంతమంది తల్లిదండ్రులు 2009 డిసెంబరులో, 2011 సకల జనుల సమ్మెలో రోడ్డు మీదికి వచ్చినవారో ఊహించుకోండి. 'మా భూములు అమ్ముకుంటున్నారు' అన్నది ఆ ఉద్యమంలో అతి పెద్ద మాట. ఆ మాట నిజం కూడా. అప్పట్లో అది వింటూ మన వాళ్లలో కొందరు రోషపడ్డారు. అమ్మినవాడు ఆంధ్రా పాలకుడే కావచ్చు గాని, ఆ నగరంలో ఇటుకలు మోసిన కూలీల్లో శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఎందరో కదా, మనకేం వచ్చిందని. ఆ రోషమూ సబబే. ఇప్పుడు అది పక్కన పెట్టండి. 2014 జూన్ 2 తర్వాత బౌల్డర్ హిల్స్ గోడ ఒక్క అడుగు వెనక్కి జరగలేదు. గోల్ఫ్ మైదానం గోల్ఫ్ మైదానంగానే ఉంది. ఏపీఐఐసీ విడిపోయి తెలంగాణకు సొంత సంస్థ వచ్చింది, గేటు మీది బోర్డు మాత్రం మారలేదు. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికితే అది ప్రభుత్వ విజయంగా ప్రచారమైంది. అమ్మకం తప్పని తిట్టిన నోళ్లే ధర చూసి మురిశాయి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. మన సభల్లో ఈ సామెతను వేదిక మీద నుంచి ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చప్పట్లు కూడా బాగా పడతాయి. బౌల్డర్ హిల్స్ చరిత్ర చదివాక ఈ సామెత మీద మాకు నమ్మకం తగ్గింది. వడ్డించేవాడు మనవాడే అయినా, గరిటె ఎవరి చేతిలో ఉందో, గిన్నె ఎటు వంగుతోందో బంతిలో కూర్చున్నవాడికి కనబడాలి.

ఇదంతా హైదరాబాదు గోల అనుకునేవారు ఒకసారి మన గుమ్మం చూసుకోండి. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఇరవై వేల ఎకరాలకు పైగా మడులు, జీడితోటలు, తాటితోపులు పోయాయి. అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ పునరావాస కాలనీల్లో ఆర్-కార్డు పెట్టెలో దాచుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసి ముసలివాళ్లైన వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రోజు భూమి ఇచ్చింది కార్ఖానాకు. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ఆ కార్ఖానాలో నూరు శాతం వాటా అమ్మేస్తామంది. కూర్మన్నపాలెం ఆర్చి దగ్గర కార్మికుల దీక్షలు ఏళ్ల తరబడి సాగాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, సంతోషమే. కానీ కార్ఖానా లాభనష్టాల మీద జరిగినంత చర్చ కార్ఖానా కింది నేల మీద జరగలేదు. ఉక్కు సంస్థ డబ్బు కోసం నగరంలోని హెచ్.బి. కాలనీ, ఆటోనగర్ స్థలాల్ని అమ్మజూపిన సంగతి ఇక్కడి వాళ్లకు తెలుసు. సముద్రం పక్కన, పోర్టు పక్కన, జాతీయ రహదారి పక్కన ఇంత పెద్ద భూఖండం దేశంలో ఎన్నిచోట్ల ఉంది? రేపు కొలిమి చల్లారిన రోజున ఆ నేల మీద ఏం మొలుస్తుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. గోల్ఫ్ గడ్డి మొలవడానికి ఉక్కు ఫ్యాక్టరీ మట్టి పనికిరాదని ఎవరూ అనలేదు.

వాటా కరిగిపోయే కథ చూడటానికి మణికొండ దాకా వెళ్లనక్కర్లేదు కూడా. గంగవరం పోర్టు ఉంది. గంగవరం, దిబ్బపాలెం జాలర్లు తీరం వదులుకుంటే లేచిన పోర్టు. అందులో రాష్ట్రానికి 10.4 శాతం వాటా ఉండేది. 2021లో దాన్ని 645 కోట్లకు అదానీ సంస్థకు అమ్మేశారు. బౌల్డర్ హిల్స్‌లో గిన్నె వంచారు, ఇక్కడ గిన్నె పళంగా ఇచ్చేశారు. తీరం పోయినవాడికి ఆ 645 కోట్లలో ఎంత దక్కిందో గంగవరం వెళ్లి అడగండి.

ఇప్పుడు విశాఖ మళ్లీ సంతలో నిలబడింది. 2025 ఏప్రిల్‌లో రుషికొండ దగ్గర 21.16 ఎకరాలను టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు కేటాయించారు. అక్కడ ఉద్యోగాలొస్తే మన పిల్లలకే గదా అంటున్నారు. రానివ్వండి, మేము కూడా కోరుకుంటున్నాం. పన్నెండు వేల ఉద్యోగాలన్నారు. ఆ అంకె చేరకపోతే భూమి వెనక్కి వస్తుందా, ఎన్నేళ్లకు వస్తుంది, ఆ పత్రం జనం చదువుకునేలా ఎక్కడ పెట్టారు? ఇవి అడిగితే అభివృద్ధి నిరోధకులంటారు. 2003లో హైదరాబాదులో అడిగినవాళ్లనూ అదే అన్నారు.

మా అభిప్రాయం ఇది. రాష్ట్రం వచ్చాక భూవిధానం రాసుకుందాం అనేవాళ్ల మాట వినవద్దు. వచ్చాక రాసేది ఉద్యమం కాదు, ప్రభుత్వం. ప్రభుత్వానికి మొదటి నెలలోనే జీతాలకు డబ్బు కావాలి, దగ్గర్లో కనబడేది భూమి. అమరావతి, హైదరాబాదు చేతుల్లో ఉన్నప్పుడు మన భూమి ఎలా పోతుందో, రేపు విశాఖ సచివాలయం చేతిలో ఉన్నా అంతే సులువుగా పోగలదు. కాబట్టి ఉద్యమ డిమాండ్ల పత్రంలో, నీళ్లు, కొలువులు అన్న మాటల పక్కన, భూమి షరతులు ఇప్పుడే చేరాలి. సర్కారు భూమి ఏ ప్రైవేటు సంస్థకు ఇచ్చినా లీజుకే ఇవ్వాలి. ప్రభుత్వ వాటా ఉన్న కంపెనీ తన హక్కుల్ని ఇంకో కంపెనీకి బదలాయించాలంటే శాసనసభ ఒప్పుకోవాలి, ఏపీఐఐసీ బోర్డు తీర్మానం చాలదు. ఏ పనికి తీసుకున్నారో ఆ పని ఆగిన రోజున భూమి ముందు నిర్వాసితుడి పేరు అడగాలి. ఈ చివరి షరతు మీద మనలోనే భేదాభిప్రాయాలు ఉన్నాయని తెలుసు. పెట్టుబడులు రావని భయపడే మిత్రులున్నారు. వాదించుకుందాం, ఈ పేజీలోనే వాదించుకుందాం. కానీ ఏ నాయకుడైనా మన వేదిక ఎక్కితే ముందు ఈ షరతుల మీద అవునో కాదో చెప్పించండి. విద్యార్థి సంఘాలు ఈ పని బాగా చేయగలవు, మొహమాటం తక్కువ గనక.

రెవెన్యూలో, ఏపీఐఐసీలో, నగర పాలక సంస్థలో, పోర్టులో, ఉక్కులో పనిచేసే మిత్రులకు ఒక మనవి. 2000 తర్వాత గాజువాక, పెదగంట్యాడ, పరవాడ మండలాల్లో ఏ సర్కారు భూమి ఎవరికి, ఏ పనికి వెళ్లిందో జాబితా వేస్తున్నాం. మీ పేరు మాకు అక్కర్లేదు. సర్వే నంబరు, విస్తీర్ణం, జీవో తేదీ, ఇప్పుడు ఆ చోట ఏముందో ఒక ముక్క, అంతవరకు కార్డు మీద రాసి పోస్టు చేయండి.